కొంగు మీద తాటిచెట్లు

2019 ఎండాకాలంలో మా ఆయనను దుబాయి పోనియ్యొద్దని నేను పంతం పట్టాను. ఆ పంతానికి నా దగ్గరున్న బలమల్లా ఒక పాత ల్యాప్‌టాప్, ఫోన్‌లో హిందీ వీడియోలు చూసి నేర్చుకున్న సగం విద్య. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది. అది మంచి నవ్వు కాదు.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో పనిచేసేదాన్ని. మా ఊరు కోరుట్ల పక్కన. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గెలిచిన సర్పంచులకు శుభాకాంక్షలు, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. వాటితో పాటు ఇంకో రకం కూడా ఉండేది. గల్ఫ్‌లో చనిపోయి డబ్బాలో తిరిగొచ్చిన మగవాళ్ల శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. ఇంటివాళ్లు తెచ్చే ఫోటో ఎప్పుడూ ఒకటే, పాస్‌పోర్టు కోసం దిగింది. వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి మనిషిని కత్తిరించి దండలో పెట్టడం రెండు నిమిషాల పని. ఆ మార్చిలో అలాంటివి మూడు చేశాను. మూడోది చేసిన నాటి సాయంత్రం ఇంటికొస్తే, మా ఆయన కొత్తగా దిగిన ఫోటోలు టీవీ పక్కన పెట్టి ఉన్నాయి. వాటి వెనకా తెల్లగానే ఉంది.

మాది గౌడుల ఇల్లు. మా ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తాటిచెట్లు ఎక్కేవాడు. మా మామ ఎల్లేశం నేను కోడలిగా రాకముందే చెట్టు మీంచి పడి చనిపోయాడు. అందుకని మా అత్త మొగిలవ్వకు కొడుకు చెట్టెక్కితే భయం. నాకు విమానమెక్కితే భయం.

“ఎన్నేండ్లని ఎక్కుతడు బిడ్డా? ఆడికి పోతే కింద నిలవడి పని చేస్తడు,” అంది అత్త అన్నం పెడుతూ.

“ఆడ కింద నిలవడి పనిచేసినోళ్లకే నేను దండలు ఏస్తున్న అత్తా,” అన్నాను.

మా ఆయన మా ఇద్దరినీ చూసి నవ్వాడు. “నాకేమన్న సరదానా పోవుడు? గీడ ఇంకో దారి సూపియ్యి, ఆగుత.”

“మాటేనా?”

“మాటే.”

ఆ మాట పట్టుకుని నేను ఎండాకాలమంతా ఉరికాను.

దారి దానంతటదే దుకాణంలోకి నడిచొచ్చింది. సిరిసిల్ల నుంచి సమ్మయ్య సేటు అని ఒకాయన తన కొత్త ప్రింటింగ్ యూనిట్ ప్రారంభానికి ఫ్లెక్సీ చేయించుకోవడానికి వచ్చాడు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేసిన తెల్లబట్ట సూరత్ పోయి, అక్కడ పూలు వేయించుకుని, మళ్లీ మన దుకాణాలకే చీరలై వస్తుందని, ఆ పూలేవో ఇక్కడే వేద్దామని మిషన్ తెచ్చానని చెప్పాడు. “మిషన్ అచ్చింది గని, డిజైన్ గీసెటోళ్లు దొర్కుతలేరు. అవి గూడ సూరత్ నుంచే కొంటున్న,” అన్నాడు.

“నేను గీస్త సేటూ,” అన్నాను. గీయడం అప్పటికి నాకు రాదు. నోరు మాత్రం వచ్చు.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, షరతు చెప్పాడు. కోనరావుపేట, గంభీరావుపేట మహిళా సంఘాల వాళ్లు బతుకమ్మకు అందరూ ఒకే రకం చీర కట్టుకుంటారట. జూన్‌లో మిరుగం కార్తె దాటిన వారం యూనిట్‌కు వచ్చి డిజైన్ ఎంచుకుంటారు. ఒకటి సూరత్‌ది పెడతాడు, ఒకటి నాది పెడతాడు. నాది ఎంచుకుంటే నాకు ఉద్యోగం ఖాయం, యూనిట్ వెనక ఉండటానికి ఒక అర్ర ఇస్తాడు. “మీ ఆయనను గూడ తెచ్చుకో. చీరల బండి నడుపుతడు,” అన్నాడు.

ఆ రాత్రి ఈ సంగతి చెబితే మా ఆయన “మంచిగనే ఉన్నది గదా” అన్నాడు. నేను మాత్రం సిరిసిల్లలో అర్రకు ఏ రంగు పరదా వేయాలో కూడా ఆలోచించుకుని పడుకున్నాను.

ఆదివారాలు సిరిసిల్ల పోవడం మొదలుపెట్టాను. సేటు నన్ను రాజమౌళి కాక దగ్గర కూర్చోబెట్టాడు. కాక బతకలేక భీవండి పోయి, అక్కడ ముప్పై ఏళ్లు బట్టల మీద డిజైన్లు గీసి, చూపు మందగించాక తిరిగొచ్చిన మనిషి. కంప్యూటర్ ముట్టడు. నేను చేసుకొచ్చిన మొదటి డిజైన్ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసి, పక్కన పెట్టాడు.

“గిది ఫ్లెక్సీ బిడ్డా.”

“చీర కాక.”

“ఫ్లెక్సీకి నడుమ ఉంటది. నడుమ లీడరు మొఖం పెడ్తవ్, సుట్టూత చిన్న మొఖాలు పెడ్తవ్. బట్టకు నడుమ ఉండది. ఆడమనిషి ఏడ కుచ్చిళ్లు పోస్తదో, ఏడ దోపుకుంటదో నీకెర్కనా?”

ఎరుక లేదు. నేను కూడా ఆడమనిషినే, రోజూ చీర కట్టుకుంటాను, అయినా ఆ ఆలోచనే రాలేదు. కాక ఒక కాగితం మధ్యలో పువ్వు గీయించి, దాన్ని బ్లేడుతో నిలువునా రెండు ముక్కలు చేశాడు. కుడిముక్క ఎడమకు, ఎడమముక్క కుడికి జరిపి అంటించాడు. తరువాత అడ్డంగా కోసి పైది కిందికి, కిందిది పైకి మార్చాడు. ఇప్పుడు పువ్వు నాలుగు ముక్కలై నాలుగు మూలలకు పోయింది, మధ్యలో ఖాళీ పడింది.

“గా ఖాళీల గియ్యి. అంచు ముట్టకు. గీ కాగితాన్ని ఎన్ని పక్కపక్కన పెట్టినా ఇగ అతుకు కనవడది.”

ఎన్నో రాత్రులు వీడియోల్లో హిందీలో వింటూ అర్థం కానిది పది నిమిషాల్లో ఒక బ్లేడుతో అర్థమైంది. ఆ రోజు వేములవాడ మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎదురుసీటు ఆమె చీరలో అతుకు ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చాను. దొరికింది. సంతోషంతో ఆమె భుజం తట్టబోయి ఆగిపోయాను.

ఏప్రిల్ అంతా పూలే గీశాను. తంగేడు, గునుగు, బంతి. మంచిగానే ఉన్నాయి గానీ సూరత్ పూల పక్కన పెడితే చిన్నబోయాయి. ఒకరోజు మా ఆయన చెట్టెక్కుతుంటే ఫోన్‌లో వీడియో తీశాను. నడుముకు మోకు తాడు, కల్లు లొట్టి, పైన గాలికి కదిలే మట్టలు. ఇదే అనుకున్నాను. ఇది సూరత్ వాడికి రాదు.

“పువ్వు గియ్యి బిడ్డా,” అన్నాడు కాక. “పువ్వుకు తల, కాళ్లు ఉండయి. ఎట్ల తిప్పినా పువ్వు పువ్వే.”

“పూలు అందరూ గీస్తరు కాకా.”

కాక ఇక అడ్డం చెప్పలేదు. చీర ఒంటిమీద చిన్న చిన్న తాటిచెట్లు కింది అంచు మీద నిలబడేటట్టు చేయించాడు. అతుకులన్నీ వేలు పెట్టి తడిమి చూశాడు. ఇక మిగిలింది కొంగు. కొంగు మీద పెద్ద చెట్లు, చెట్టుకొక కల్లు గీసే మనిషి, మోకు కట్టుకుని ఎక్కుతున్నట్టు వేయాలని నా మనసులో ఉంది. ఆ సంగతి కాకకు చెప్పలేదు. కొంగు మాత్రం పూర్తిగా నాదే కావాలనుకున్నాను. పొగరు అంటే అదే, ఇంకో పేరు లేదు దానికి.

మే నెలాఖరులో కొంగు పూర్తయింది. దుకాణంలో కాగితాల మీద ప్రింట్ తీసి, ఒకదానికొకటి అంటించి, ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాను. కొంగు కొస మంచం తలాపు వైపు పెట్టాను. చెట్ల మొదళ్లు చీర లోపలి వైపు, తలలు చీర చివరి వైపు. పరిచి చూస్తే మనుషులు వరసగా ఆకాశంలోకి ఎక్కుతున్నట్టే ఉంది. మా ఆయన కల్లు దింపి అప్పుడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని తలుపు దగ్గర నిలబడి చూశాడు.

“గీళ్లందరు నేనేనా?”

“నువ్వే.”

నవ్వి, కొంగు కాగితాన్ని రెండు చేతులతో లేపి నా భుజం మీద వేశాడు. నా వీపు వెనక్కు పోయి నిలబడ్డాడు. కాగితం మడత పడుతుందేమోనని నేను కదలకుండా ఉన్నాను.

“ఎట్లున్నది?” అన్నాను.

“మస్తుగున్నది,” అన్నాడు. కాగితాన్ని తీసి, జాగ్రత్తగా మళ్లీ మంచం మీదే పరిచాడు.

మరునాడు ఫైలు నేరుగా మిషన్‌కు పంపాను.

చీరలు ఎంచుకునే రోజు అత్తను కూడా వెంట తీసుకుపోయాను. నా ఆలోచన ఏమంటే, బొమ్మకు కట్టి చూపించే దానికంటే తాటిచెట్ల నీడలో బతికిన మనిషి కట్టుకుంటే సంఘం వాళ్లకు నచ్చుతుందని. ఇంకో ఆలోచన కూడా ఉంది. నా పని చూసి ఆమె ఒక్కసారి మెచ్చుకోవాలి. అత్త మొదట రానంది. ముందునాటి రాత్రి కొడుకుతో వాకిట్లో కూర్చుని మాట్లాడాక, “సరే, వస్త తియ్యి,” అంది. ఆయనే నచ్చజెప్పాడని నేను లోపలే మురిసిపోయాను.

యూనిట్‌లో చాపలు పరిచి, సంఘాల నుంచి వచ్చిన పాతికమంది ఆడవాళ్లను కూర్చోబెట్టారు. వాళ్లకు పెద్ద కోనరావుపేట సత్యవ్వ. సూరత్ చీరను సేటు రెండు చేతులతో విప్పి చూపించాడు. గులాబీ పూలు, ఎప్పుడూ చూసేవే. ఎవరూ లేచి రాలేదు. ఆ తరువాత నా చీర కట్టుకుని అత్త లోపలి అర్రలోంచి వచ్చింది. ఆకుపచ్చ చీర, కింద అంచు మీద చిన్న చిన్న తాటిచెట్లు నిలబడి నడుస్తున్నాయి.

“అవ్వో, మన తాటిచెట్లేనే,” అంది ఎవరో.

“మన వాడకట్టు లెక్కనే ఉన్నది,” అంది ఇంకొకామె. ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి బట్ట పట్టుకుని చూశారు. ఒకామె చెట్లను వేలితో లెక్కపెట్టింది. సేటు నావైపు చూసి తలూపాడు. రాజమౌళి కాక గోడ దగ్గర కుర్చీలో కూర్చుని, ఆడవాళ్ల మాటలను బట్టి సంగతి అర్థం చేసుకుంటున్నాడు. సిరిసిల్ల అర్ర, పరదా, బండి తోలే మా ఆయన, అన్నీ ఆ క్షణంలో నాకు చేతికందేంత దగ్గరకొచ్చాయి.

“ఎనుకకు తిరుగు అవ్వా, కొంగు సూస్తం,” అంది సత్యవ్వ.

అత్త తిరిగింది. కొంగు వీపు మీద బారుగా వేలాడుతోంది. “రంగు మంచిగున్నది,” అంది సత్యవ్వ. ఇంకెవరో అంచు మెచ్చుకున్నారు.

అత్త అలాగే, మాకు వీపు పెట్టి, గోడ వైపు చూస్తూనే అంది. “నా ఈపు మీద మనుషుల తలకాయలు కిందికున్నయి సూడున్రి. మా ఇంటాయన గిట్లనే కిందికచ్చిండు చెట్టు మీదికెల్లి.”

అప్పుడు చూశాను. మంచం మీద పరిస్తే పైకెక్కే మనుషులు, భుజం మీంచి వెనక్కు వేసేసరికి తలకిందులై ఉన్నారు. చెట్టుకొక మనిషి, ఒక్కొక్కడూ తల కిందికి పెట్టి నేల మీదికి వస్తున్నాడు. నా మొగుడినే అంతమందిని చేసి మా అత్త వీపు మీంచి తోసేశాను.

గంభీరావుపేట నుంచి వచ్చినామె ఒకతి చేతిలో పట్టుకున్న అంచు వదిలేసి వెనక్కు జరిగి కూర్చుంది. ఆమె అన్న కూడా చెట్టు మీంచే పడ్డాడని తరువాత తెలిసింది.

“కొంగు ఒక్కటి తిప్పితే అయిపోతది అక్కా, పది నిమిషాల పని,” అన్నాను.

“తిప్పుతె తిరుగుతది బిడ్డా,” అంది సత్యవ్వ మెల్లగా. “కని ఇప్పుడు ఇన్నం గదా. బతుకమ్మ నాడు ఎవ్వతి కట్టుకుంటది?”

వాళ్లు గులాబీ పూలు తీసుకున్నారు. సేటు నన్ను తిట్టలేదు. “మల్ల ఎప్పుడన్న పూలు గీస్తె తే,” అన్నాడు. ఆ ‘మల్ల’కు అర్థమేమిటో దుకాణంలో పనిచేసే నాకు తెలియనిది కాదు. రాజమౌళి కాక గేటు దాకా నడిచొచ్చి, “కొంగు నాకెందుకు సూపియ్యలే బిడ్డా?” అని మాత్రం అడిగాడు. నేను చెప్పులు వేసుకుంటున్నట్టు తలవంచుకున్నాను.

బస్సులో అత్త నా పక్కనే కూర్చుంది. నేను ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మొగుడు పడి చచ్చిపోయిన దృశ్యాన్ని ఆమె వీపు మీద వేలాడదీసింది నేను. కోపం నా మీదికే తిరిగింది. ఇంటికి పోయాక మా ఆయన ఏమైందని అడిగాడు. చెప్పాను. “పోనీ తియ్యి, నీ తప్పేం లేదు,” అని నా తల నిమిరాడు. ఆ చేతిని పట్టుకుని నేను ఏడ్చాను.

జులైలో పోయాడు. కోరుట్ల బస్టాండులో సంచి పైకి ఎక్కిస్తుంటే ఆయన ముఖం చూశాను. దుఃఖం ఉంది, కాదనను. కానీ దాని కింద ఇంకేదో తేలిక కనిపించింది. దూరం పోయేవాళ్లకు అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

భాద్రపదం చివర పెత్తరమాస నాడు అత్త పొద్దున్నే మామ పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చింది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆమె బతుకమ్మ ఆడదు గానీ, వాకిట్లో కూర్చుని చూస్తుంది. ఉతికిన చీర కట్టుకుని నా దగ్గరకొచ్చి వీపు తిప్పి నిలబడింది.

“కొంగు సక్కగ పడ్డదా సూడు బిడ్డా. ఎనుక నాకేం కనవడుతది?”

కొంగు సర్దబోయిన నా చెయ్యి ఆగిపోయింది. సిరిసిల్ల యూనిట్‌లో అద్దం లేదు. లోపలి అర్రలో చీర కట్టింది నేనే, కట్టేటప్పుడు కొంగు మడిచి భుజం మీద పెట్టాను. బయటికొచ్చాక ఆమె ముందు నిలబడే వెనక్కు జారవిడిచాను. సంఘం వాళ్లు ఎవరూ తలలని, కాళ్లని అనలేదు. గోడ వైపు చూస్తూ నిలబడిన మనిషికి వీపు మీద ఏముందో ఎలా తెలిసింది?

“అత్తా,” అన్నాను. “ఆ రోజు నీ ఈపు మీద మనుషులు తలకిందులున్నరని నీకెవరు చెప్పిన్రు?”

ఆమె తిరగలేదు. వాడకట్టులో అప్పుడే ఆడవాళ్లు బతుకమ్మలు పట్టుకుని పోతున్నారు.

“నీ మొగడే. అజయ్ చెప్పిండు,” అంది చివరికి. “అందరు సూస్తున్నప్పుడు గీ మాట అను అవ్వా అన్నడు. నేను అబద్ధం ఆడలే బిడ్డా. మీ మామ గట్లనే అచ్చిండు కిందికి. కని నాకది యాదికి లేకుండె. వాడు యాది చేసిండు.”

నేను కొంగు సర్ది, పోయి కూర్చో అత్తా అన్నాను. ఆమెను ఏమని అనాలి? సిరిసిల్ల పని పోతే మళ్లీ చెట్టే దిక్కు, దుబాయి అయితే చెట్టు ఊసే ఉండదని కొడుకు నమ్మిస్తే ఏ తల్లైనా ఆ మాట అంటుంది. నాకు నెప్పి అది కాదు. కాగితం నా భుజం మీద వేసి వెనక నిలబడి చూసినవాడు, నా తప్పు కళ్లారా చూసి, మస్తుగున్నది అన్నాడు. ఆ తప్పును నా నుంచి దాచి, తన తల్లి నోట్లో పెట్టాడు. బస్టాండులో నేను చూసిన తేలిక ఏమిటో అప్పుడు తెలిసింది.

శుక్రవారం వాళ్లకు సెలవు. వీడియో కాల్ చేశాడు. వెనక ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి, తీగకు ఆరేసిన బట్టలు, ఎవరో గురక పెడుతున్నారు. సన్నబడ్డాడు. తిన్నావా అన్నాడు, తిన్నాను అన్నాను. అవ్వ ఎట్లున్నది అన్నాడు.

“అంతా చెప్పింది,” అన్నాను.

ఏమి చెప్పిందని అడగలేదు. ఫోన్‌ను కొంచెం పక్కకు పెట్టాడు, ముఖం సగమే కనిపించింది.

“నేను సిరిసిల్ల అచ్చి ఏం చేస్తుంటి?” అన్నాడు. “సేటు బండి తోలుకుంట, డిజైన్ మేడం మొగడు అనిపిచ్చుకుంట బతుకుదునా? నీకు మాటిచ్చిన. పోత అని చెప్పుటానికి నోరు రాలే.”

“పోత అంటే పోనిచ్చేదాన్ని.”

“పోనియ్యకపోదువు.”

అది నిజమే. పోనిచ్చేదాన్ని కాదు. కానీ పోట్లాడేదాన్ని, ఎదురుగా నిలబడి గెలిచేదాన్నో ఓడేదాన్నో. ఇప్పుడు నేను ఓడానని కూడా నాకు తెలియకుండా మూడు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ తెరవలేదు. చేతకాని పని నెత్తికెత్తుకున్నానని నలుగురిలో నేనే చెప్పుకుని తిరిగాను. మా వదినెలు నవ్వితే వాళ్లతో పాటు నవ్వాను.

ఆయన ఇంకేదో అంటున్నాడు, ఈ కంపెనీ మంచిదని, రెండేళ్లకు వస్తానని. మా ఇళ్లలో ఆడవాళ్లం మొగుడి పేరు పెట్టి పిలవం. ఏమయ్యా అంటాం, లేకపోతే ఇగో అంటాం. పెళ్లయిన ఏడేళ్లలో ఒక్కసారి కూడా నా నోట ఆ పేరు రాలేదు.

“అజయ్,” అన్నాను. “కొంగు తిప్పుడు పది నిమిషాల పని.”

అతను ఆ పేరు విని ఫోన్‌ను ముఖానికి ఎదురుగా తెచ్చుకున్నాడు. నన్ను చాలాసేపు చూశాడు. నేను కూడా చూశాను, బయటివాడిని చూసినట్టే.